పార్కింగ్ గణపతి కమిటీ

ఆ రోజుల్లో మాదాపూర్‌లో రెండే రకాల స్థలాలు ఉండేవి. బండలు పేల్చేసిన స్థలం, బండలు పేల్చబోయే స్థలం. మా ఆఫీసు ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉండేది. పేలుడు జరిగినప్పుడల్లా నా బల్ల మీది మౌసు తనంతట తానే నడిచెళ్లి ఏదో ఒక ఫైలు చెరిపేసి వచ్చేది. లోపల ఏసీ చలికి, ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పుచారుని చాకుతో కోసుకుని తినేవాళ్లం.

ఉత్తరాన ఎక్కడో ఒక చలిదేశం. ఆ దేశపు ప్రభుత్వం తన పాత చర్చిల పుట్టుక, పెళ్లి, చావు పుస్తకాల నకళ్లు మాకు పంపేది. మా ఆఫీసు పిల్లలు వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించేవారు. కొన్నాళ్లకి వాళ్లకి సొంత మేనమామల కంటే ఆ దేశస్థుల ముత్తాతలే బాగా దగ్గరైపోయారు. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో పసివాడు పోయాడని టైపు చేసి, ఒకమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు. 

నేను అక్కడ అడ్మిన్. అంటే బస్సు రాకపోయినా, నీళ్లు రాకపోయినా, పిల్లి వచ్చినా, అందరూ నన్నే తిట్టేవారు.

నన్ను తిట్టని మనిషి ఒకే ఒక్కడు, స్టాఫ్ బస్సు డ్రైవరు. బోరబండలో ఉండేవాడు. ఆయన మీసం బస్సు కంటే ముందే స్టాపుకి చేరుకునేది. మీసం కనపడగానే జనం సంచులు సర్దుకుని లేచేవారు, వెనకాల బస్సు నింపాదిగా వచ్చేది. అందరూ ఆయన్ని ప్రెసిడెంట్ సాబ్ అనేవారు. ఎందుకంటే ఏటా మా పార్కింగులో వినాయకుణ్ణి నిలబెట్టే కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. డ్రైవర్లు, వాచ్‌మన్లు, క్యాంటీన్ వాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు, అందరూ అందులో ఉండేవారు. కంపెనీకి ఆ కమిటీ అంటే భలే ప్రేమ. చందా ఇచ్చేది, కరెంటు ఇచ్చేది. మా మేనేజరుగారు సూటు మీదే హారతి కళ్లకద్దుకునేవారు.

సంఘం అన్న మాట వింటే మాత్రం అదే మేనేజరుగారికి అంత చలిలోనూ చెమటలు పట్టేవి.

ఆ యేడు శ్రావణమాసంలో ఒక సంగతి జరిగింది. మా దగ్గర ఊడ్చే ఆడవాళ్లలో కొండాపూర్ నుంచి వచ్చే అక్క ఒకామె ఉండేది. వాళ్లకి క్యాంటీన్‌లో కూర్చునే వీలు లేదు. మెట్ల కింద, జనరేటర్ పక్కన కూర్చుని తినేవారు. ఆ జనరేటరు ఎంత మోత మోగేదంటే, అక్కడ తిన్న అన్నం కడుపులో కూడా గంటసేపు దడదడలాడేదట. ఒక గది చూపించమని ఆ అక్క మేనేజరుగారిని ఒకసారి అడిగింది. ఆయన చూద్దామన్నారు. తర్వాత మిగతా ఆడవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లింది.

"ఏదన్నా ఉంటే ఒక్కొక్కరు వచ్చి చెప్పండమ్మా. గుంపుగా రావద్దు, ఇది ఆఫీసు," అన్నారాయన.

"ఒక్కదాన్నే వస్తె ఇనలే గద సార్. గందుకే అందరం వచ్చినం," అంది అక్క.

మర్నాడు, ఊడ్చేవాళ్లని పనికి పంపే కాంట్రాక్టరు ఆమెను రావద్దన్నాడు. అంతే. మిగతావాళ్లు చీపుర్లు పట్టుకుని తలలు దించుకున్నారు. ఆమె మాత్రం రోజూ వచ్చి గేటు ముందు నిలబడేది, ఇవాళ పిలుస్తారేమోనని.

వినాయక చవితి వచ్చింది. నవరాత్రుల మధ్యలో ఆ చలిదేశం నుంచి ఒక మేడమ్ దిగింది. మనిషి ఎంత పొడుగంటే, మా లిఫ్టులో వినయంగా వంగి నిలబడాల్సి వచ్చింది. తన ప్రభుత్వం పని ఇచ్చిన చోటల్లా మనుషులు కలిసి సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉందో లేదో చూసుకోవాలన్నది వాళ్ల విధానమట. వచ్చీ రాగానే అడిగింది, మీ కార్మికులకు సంఘం ఉందా అని.

మేనేజరుగారు తడబడలేదు. కిటికీలోంచి పార్కింగులో షామియానా వైపు చెయ్యి చూపించారు. "ఎలక్టెడ్ కమిటీ మేడమ్! దట్ ఈజ్ ది ప్రెసిడెంట్!"

ప్రెసిడెంట్ సాబ్ అప్పుడే వినాయకుడి చెవికి చీమలు పట్టకుండా పసుపు రాస్తున్నాడు. చేతులు తుడుచుకుని వచ్చాడు. మాటలు అటూ ఇటూ చేరవేసే పని నామీద పడింది. 

కమిటీలో ఎవరెవరు ఉంటారని ఆమె అడిగింది. "అందరుంటరమ్మా. ఉండనంటె ఊకుంటమా?" కంపెనీ అడ్డం వస్తుందా? "సార్లు మంచోళ్లు. చందా గిట్ల ఇస్తరు." మనుషులకి ఇబ్బంది వస్తే కమిటీ పట్టించుకుంటుందా?

ఆయన మేనేజరు వైపు చూశాడు. వినాయకుడి వైపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు.

"పట్టించుకుంటది. గా గేటుకాడ నిలవడ్డది సూడు, గా చెల్లె. కూసోని బువ్వ తినెతందుకు జర జాగ అడిగింది. పనిలకెంచి తీసేసిన్రు. ఆమెను మల్ల తీస్కోవాలె. గిది కమిటీ మాట."

నేను ఒక్క ముక్క పోనివ్వకుండా చెప్పాను. మేనేజరుగారి ముఖం కిరీటం, కుడుములు, ఎలుక, అన్ని రంగుల్లోకీ మారింది. 

"దీనికోసమే మా ప్రభుత్వం నన్ను పంపింది," అందామె. ఈ సంగతి కమిటీతో కూర్చుని తేల్చండి, నెల తిరిగాక ఫోన్ చేస్తాను, అప్పుడు మాట్లాడేది కంపెనీతో కాదు, కమిటీతోనే, అని చెప్పింది. పండగ వెళ్లగానే కూర్చుందామన్నారు మేనేజరుగారు. గేటు దగ్గర అక్కకి ఈ మాట చేరేసరికి ఆమె అక్కడి నుంచే వినాయకుడికి దణ్ణం పెట్టుకుంది.

ఆ సాయంత్రం నేను ప్రెసిడెంట్ సాబ్‌ని పట్టుకున్నాను. "అన్నా, మన సర్కారు చట్టం కూడా ఉందండీ. ఏడుగురు సంతకం పెడితే సంఘం రిజిస్టరు అవుతుంది. రేపే లేబరాఫీసుకి వెళ్దాం."

"ఏడుగురేంది సార్, డెబ్బై మంది పెడ్తరు. కని గిప్పుడు అందరం దేవుని పనిల ఉన్నం గద. నిమజ్జనం అయినంక చూద్దం తియ్."

"పోనీ, ఆ ఫోన్ వచ్చేదాకా నిమజ్జనం ఆపండి. దేవుడున్నన్నాళ్లూ కమిటీ ఉంటుంది."

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "చెల్లె పని కోసం దేవుణ్ణి పార్కింగుల కట్టేస్తమా సార్? వచ్చినాయన పోవాలె గద?"

నిమజ్జనం భలేగా జరిగింది. మా డప్పులకి భయపడి ఆ రోజు బండలు పేల్చేవాళ్లు కూడా సెలవు తీసుకున్నారు. వినాయకుడు నీళ్లలోకి వెళ్లాక, ఏటా ఉన్న ఆనవాయితీ ప్రకారం, ప్రెసిడెంట్ సాబ్ భుజం మీది కాషాయం కండువా తీసి నీళ్లలో వదిలాడు. "ఇగ ఈ యేడుకు మన కమిటీ ఖతం. మల్ల యేడు మల్ల చేస్కుందం." అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, తడిసిన చొక్కాతో.

తర్వాత ఎవరి డ్యూటీలు వాళ్లవి. లేబరాఫీసు మాట నేనెత్తితే, "చూద్దం సార్, ఇంకెంత, దసరా రానీ," అనేవారు. మేనేజరుగారు కూర్చుందామన్న కుర్చీ ఎక్కడా వెయ్యలేదు. 

ఫోన్ చెప్పిన నాడే వచ్చింది. చలిదేశాల వాళ్లకి ఈ ఒక్క జబ్బు ఉంది. మేనేజరుగారి గదిలో స్పీకరు ఫోను ముందు ప్రెసిడెంట్ సాబ్, నేను. యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, మీసానికి నూనె రాసుకుని వచ్చాడాయన.

మీ కమిటీ ఎలా ఉంది, అని అడిగింది మేడమ్.

"కమిటీ ఏడిదమ్మా? నిమజ్జనం జేసినం గద. ఖతమైంది," అన్నాడు, ఆమెకి ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నా నోట్లో ఇంగ్లీషు ఎండిపోయింది. పండగ, ఆనవాయితీ, వచ్చే యేడు మళ్లీ, అని చెప్పుకుంటూ పోయాను. ఆమెకి అందులో కమిటీ రద్దయిందన్న ముక్క ఒక్కటే అందింది. ఎవరైనా బలవంతం చేసి రద్దు చేయించారా, అని అడిగింది.

"మమ్ముల ఎవ్వరు బలవంతం జేస్తరు? మాకు మేమే జేసినం. డప్పులతోని, మస్తు ఖుషీగ."

సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఎంతో, వదులుకునే స్వేచ్ఛా అంతే, అందులో మా ప్రభుత్వం తలదూర్చకూడదు, అంది నిట్టూర్చి. "మేడమ్, ఆ గేటు దగ్గరామె..." అని నేను మొదలుపెట్టేలోపే మేనేజరుగారు థాంక్యూ చెప్పి మీట నొక్కేశారు.

మెట్లు దిగుతూ ప్రెసిడెంట్ సాబ్ అడిగాడు. "తప్పు చెప్పిన్నా సార్?"

"లేదన్నా. ఉన్నదే చెప్పారు."

"మరి గామె గంత జల్ది ఎందుకు ఇడ్సిపెట్టింది?"

జవాబు చెప్పడానికి నేను చాలా ఏళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను. అక్కడ ఒక ప్రభుత్వం, ఇక్కడ ఒక చట్టం, రెండూ నిజంగానే ఆ అక్క వైపు ఉన్నాయి. వాటికి పట్టుకోవడానికి ఒక సంఘం కావాలి. మాకున్న ఒక్కదాన్నీ మేం పూలేసి, డప్పు కొట్టి, నీళ్లలో కలిపేశాం. ఆ నెలలో ఒక్క పొద్దు, ఒక్క ఏడుగురు, లేబరాఫీసు దాకా నడిచి ఉంటే! నడవలేదు.

గేటు దగ్గర అక్క ఎదురొచ్చింది. "ఏమన్నది అన్నా దొరసాని?"

"మంచిగనే మాట్లాడింది చెల్లె."

"నా ముచ్చట గిట్ల అడిగిందా?"

ఆయన మీసం మొదటిసారి కిందకి వేలాడటం చూశాను. వెళ్లి బస్సు తలుపు తెరిచాడు. ఊడ్చేవాళ్లు స్టాఫ్ బస్సు ఎక్కకూడదన్నది కంపెనీ రూలు. దాన్ని కాపాడాల్సిన అడ్మిన్ నేనే. నేను అటు తిరిగి, ఇంకా పేల్చని ఒక బండ కేసి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.

"ఎక్కు. కొండాపూర్‌ల దింపుత," అన్నాడు.

అక్క ఎక్కింది. బస్సంతా ఖాళీ. ముందు సీటు మీద బండల దుమ్ము పేరుకుని ఉంది. కొంగుతో దాన్ని తుడిచింది. తర్వాత పక్క సీటు, దాని వెనక సీటు కూడా తుడిచి, అప్పుడు కూర్చుంది.