సంపూర్ణమ్మ గారి వరద డబ్బాలు

సంపూర్ణమ్మ గారి ఇంట్లో లేని సరుకంటూ లేదు. మనకు పెట్టే సరుకు మాత్రం ఒక్కటీ లేదు. ఏది అడిగినా ఆవిడది ఒకటే సమాధానం: "అది వరదకి."

ఈ సంగతి కోడలు తబితకు కాపురానికి వచ్చిన రెండో రోజే తెలిసింది. గోదావరి లంకలో డాబా ఇల్లు, మేడమీద ఒక గది. తలుపు తీస్తే నేల నుంచి శ్లాబు దాకా రేకు డబ్బాలే. వేపాకు కలిపిన బియ్యం, ఆముదం పట్టించిన కందిపప్పు, ఎండుచేపలు, పాలిథిన్ సంచిలో చుట్టిన అగ్గిపెట్టెలు. వంటకు ముందు చర్చి ఆడవాళ్ళందరూ దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. సంపూర్ణమ్మ గారు రెండు పిడికిళ్ళు తీసేవారు. ఒకటి ప్రభువుకి, ఒకటి వరదకి.

తబిత జాకెట్లు బాగా కుడుతుంది. ఆ గదిలో మిషను వేసుకుని నలుగురు ఆడపిల్లలకు కుట్టు నేర్పాలని ఆమె ఆశ.

"గది ఖాళీ లేదమ్మాయ్," అన్నారు అత్తగారు.

"మనం ముగ్గురమే కదండీ అత్తయ్యగారూ. ఈ సరుకు ముప్పైమందికి సరిపోతుంది."

"వరద ఎన్నాళ్ళుంటుందో నీకేం తెలుసు?"

కొడుకు శ్యాంబాబు భార్య పక్షాన ఒక రాయి వేశాడు. "పోలవరం పూర్తయితే వరదలే ఉండవంటున్నారమ్మా."

"పూర్తవనీ. ఈలోగా నన్ను సర్దుకోనీ."

సరుకు పాడవకూడదు కనుక ఆ ఇంట్లో కొత్తది డబ్బాలోకి, పాతది కంచంలోకి వెళ్ళేది. "ఈ ఏడు ఆవకాయ ఎలా కుదిరింది?" అని ఎవరైనా అడిగితే, "వచ్చే ఏడు చెప్తానండీ," అనేది తబిత.

డబ్బాలకు చీటీలుండేవి. అవీ గోడవైపు తిప్పి ఉండేవి. చూద్దామని ఒకసారి తబిత ఒక డబ్బా కదిపిందో లేదో, కింద వంటింట్లోంచి గొంతు వినిపించింది. "మూడో వరస. ముట్టుకోకు."

పాస్టరు గారు వచ్చిన రోజు మరీ అన్యాయం. మేడమీద రెండు డబ్బాల పంచదార పెట్టుకుని, ఆవిడ పంచదార అప్పుకని గ్లాసుతో పక్కింటి లోవమ్మ దగ్గరికి వెళ్ళారు. ఎప్పుడూ అక్కడికే. తిరిగి ఇచ్చింది లేదు. తబితకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆగస్టులో గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. దారి మునిగింది, కరెంటు పోయింది, పడవ మూడు రోజులకు గానీ రాదన్నారు. పెంకుటిళ్ళ వాళ్ళంతా పిల్లలతో సహా సంపూర్ణమ్మ గారి మేడ ఎక్కారు. తబిత మెట్ల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టింది. ఇంతమంది ఆకలి ముందు అత్తగారు మూత తీయకపోతే వీళ్ళ గతేం కాను?

సంపూర్ణమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని డబ్బాలన్నీ ఇటు తిప్పారు. "చీటీలు చదువమ్మాయ్."

తబిత చదవసాగింది. "బుల్లబ్బాయి. పళ్ళు లేవు. మెత్తటి అటుకులు." "ప్రిస్కిల్లా. బాలింత. పాత బియ్యం, వెల్లుల్లి కారం." "సత్యప్రసాద్. మాట్లాడటం ఆపడు. వేరుశనగ ఉండలు." సత్యప్రసాద్ నోరు తెరవబోయి, ఉండ అందుకున్నాడు. "లోవమ్మ. షుగరు. జొన్నరవ్వ. ఇంట్లో పంచదార ఉండనివ్వకూడదు."

"అందుకా అండీ, గ్లాసు పట్టుకుని అస్తమానూ మా ఇంటికొచ్చేవారు?" అంది లోవమ్మ.

"చెబితే మానతావా ఏంటి?" అన్నారు ఆవిడ.

"మరి చీటీలు గోడవైపెందుకు తిప్పారండీ అత్తయ్యగారూ?"

"ముందే చూస్తే ఎవరిది వాళ్ళు క్రిస్మస్‌కే పట్టుకుపోతారు."

చివరి డబ్బా చిన్నది. "తబిత. కాఫీ లేకపోతే తలనొప్పి." చీటీ మీద తేదీ ఆమె కాపురానికి వచ్చిన వారానిది. మూత తీస్తే పొడి మాత్రం ఘుమఘుమలాడుతూ కొత్తది. తబితకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. ఆ ఇంట్లో ఆమె నోటికి తగిలిన మొదటి కొత్త సరుకు అదే.

నీళ్ళు తీసేసరికి గది ఖాళీ అయింది.

"మిషను కిటికీ దగ్గర వేసుకో," అన్నారు అత్తగారు. "ఆ గోడ మాత్రం నాకు వదిలెయ్."

ఇప్పుడు అక్కడ నలుగురమ్మాయిలు కుట్టు నేర్చుకుంటున్నారు. వాళ్ళ వెనక గోడకు డబ్బాలు మళ్ళీ లేస్తున్నాయి. మొన్న శ్యాంబాబు ఆ గదిలోకి వచ్చి, కొత్త బెల్లం ముక్క ఒకటి పెట్టమన్నాడు. తబిత మూత బిగించి, చీటీ గోడవైపు తిప్పింది.

"అది వరదకండీ."