లాభం పాయింటు అయిదు

మా వంటింట్లో పాత ఇనప కుంచం ఒకటుంది. ధాన్యం కొలిచే పని దానికి ఎప్పుడో పోయింది, ఇప్పుడందులో ఎండుమిరపకాయలు పోసుకుంటున్నాను. పోపులోకి రెండు కాయలు తీద్దామని చెయ్యి పెట్టగానే ఘాటు ముక్కుకెక్కి తుమ్మొస్తుంది. ఆ తుమ్ము వెనకాలే పొదిలి దగ్గర మా ఊరి కళ్లం, కళ్లం వెనకాలే మా తాత గొంతు, ఆ గొంతు వెనకాలే సిగ్గు గుర్తుకొస్తాయి. అరవై ఏళ్లయినా అరగని సిగ్గు!

మాది మెట్ట ఊరు. మాఘమాసం ఎండకి పేడతో అలికిన కళ్లంలో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉండేవి, ఆడవాళ్లు ముక్కులకి కొంగులు చుట్టుకుని తాలుకాయలు ఏరుతూ ఊళ్లో సంగతులన్నీ అక్కడే తేల్చేసేవాళ్లు, మేం పిల్లలం మంటెత్తిన చేతుల్ని మజ్జిగ కుండలో ముంచి వీపు మీద దెబ్బలు తినేవాళ్లం. అంతకుముందు చలికాలంలోనే వరిగలు నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసి, చుట్టూ బూడిదతో గీత గీసేవాళ్లు. కొలిచేరోజు తాత తలగుడ్డ విప్పి నడుముకి బిగించి, తూర్పుముఖంగా కూర్చుని, మొదటి కుంచం నింపి “లా...భం” అని సాగదీసి పాడేవాడు. రాశి దగ్గర ఒకటి అనకూడదు. ఒకటంటే రాశి ఆ ఒకటి దగ్గరే ఆగిపోతుందని భయం. లాభం తర్వాతే రెండు, మూడు. ఆ మాట వినపడగానే అంతసేపూ కాకుల్లా అరుస్తున్న మేం కూడా గప్‌చుప్. ఆ సాయంత్రం కొత్త వరిగన్నం, కందిపొడి, వేలు మునిగేంత నెయ్యి. ఆ రుచి సంగతి ఇక ఎత్తను, ఎత్తితే ఈ వ్యాసం అక్కడే ఉండిపోతుంది.

మా బళ్లో ఎనిమిదో తరగతి దాకానే ఉండేది. ఆ పైన చదవాలంటే ఒంగోలులో హాస్టల్లో ఉండాలి. ఆడపిల్లని హాస్టల్లో పెట్టడమా అని ఇంటిల్లిపాదీ గోలగా ఉన్నారు. ఇంటి పెద్ద తాత. ఆయన ఊ అంటే వెళ్తాను, ఊహూ అంటే కళ్లంలో తాలుకాయలు ఏరుకుంటాను. అలాంటి రోజుల్లో మా లెక్కల మేస్టారు సూర్యుడి దూరం రాయమని నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. పదిహేను కోట్ల కిలోమీటర్లు. సున్నాలు చుట్టుకుంటూ పోయి ఎన్ని చుట్టానో నేనే మర్చిపోయాను. మేస్టారు నవ్వి, ఆ సున్నాల తోరణమంతా తుడిచేసి, ముందు ఒకే అంకె, ఒక చుక్క, మిగతాది పది మీద బుజ్జి అంకెగా ఎక్కించడం నేర్పారు. అబ్బ, ఎంత ముద్దొచ్చిందో ఆ పద్ధతి!

ఇంటికి పరిగెత్తుకొచ్చి వరిగ రాశి పక్కన కూలబడ్డాను. చిటికెడు గింజలు లెక్కపెట్టి, గిద్దెకెన్ని చిటికెలో, కుంచానికెన్ని గిద్దెలో, రాశికెన్ని కుంచాలో హెచ్చించి, అలికిన నేల మీద బొగ్గుతో రాశాను: 1.2 × 10⁸. తాత వంగి చూశాడు.

“ఏందే అమ్మాయ్, మన రాశంతా ఇంత చోట్లో పట్టిందా! ఏదీ, చదువు.”

“ఒకటి పాయింటు రెండు...”

“ఛ, నోర్ముయ్! రాశి లెక్క అది. లాభం అను.”

అన్నాను. లాభం పాయింటు రెండు ఇంటూ పది ఘాతం ఎనిమిది. ఆయన కళ్లు మెరిశాయి. రోజూ చదివించుకునేవాడు, వచ్చినవాళ్లందరి ముందూ చదివించేవాడు. “బడికొచ్చే ఇనస్పెక్టరు మెచ్చుకుంటే ఒంగోలు పంపిస్తా, పో” అన్నాడు ఒకరోజు. ఇంకేం కావాలి నాకు?

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఊరి పెద్దలు వెనక బల్లల మీద కూర్చున్నారు. తాత ఉతికిన కండువాతో అందరికంటే నిటారుగా ఉన్నాడు. మేస్టారు నన్నే పిలిచారు. సూర్యుడి దూరం తప్పులేకుండా రాశాను. “చదువమ్మా” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. గొంతెత్తి చదివాను.

“లాభం పాయింటు అయిదు ఇంటూ పది ఘాతం ఎనిమిది!”

క్షణంసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బడి బడంతా పగలబడి నవ్వింది. ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు తీసి, “సూర్యుడితో బేరం కుదిరిందా అమ్మా?” అన్నారు. మేస్టారు తల దించుకున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి, సుద్దముక్కని నలిపేస్తున్నాను. ఒక్కసారి వెనక్కి చూశాను. నవ్వనివాడు తాత ఒక్కడే. కండువా అంచుని వేళ్లకి చుట్టుకుంటూ నేలకేసి చూస్తున్నాడు. అంత పెద్దమనిషి అంత చిన్నగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఒంగోలు మాట ఎవరూ ఎత్తలేదు. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

కొన్నాళ్లకి జొన్న రాశి కొలిచారు. తాత తూర్పుముఖంగా కూర్చున్నాడు. నేను దూరంగా గుంజ పక్కన నిలబడ్డాను. కుంచం నింపాడు, నావైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“ఒకటి” అన్నాడు.

కూలీలు చేటలు ఆపేశారు. మా నాయనమ్మ పరిగెత్తుకొచ్చింది. “అయ్యో అయ్యో, అదేం మాటయ్యా! పిచ్చిపట్టిందా? లాభం అను!”

“ఊరుకోవే. పిల్ల ఒంగోల్లో చదవబోతంది. మన నోట్లో మాట అంటుకుంటే అక్కడ కూడా నవ్వుతారు” అన్నాడు తాత. అని, రెండో కుంచం నింపాడు. “రెండు.”

ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. కానీ భూమి చీలితే దూరిపోదామనిపించింది. నా చదువు కోసం ఆయన రాశి భయాన్ని కూడా మింగేశాడు. ఆ తర్వాత ఆయన నోట లాభం అన్న మాట నేను మళ్లీ వినలేదు.

నేనూ లెక్కల టీచర్నయ్యాను, పది ఘాతాలు ఎంతమందికి నేర్పానో! పాఠంలో మొదటి అంకె ఒకటైతే మాత్రం చదివే పని పిల్లలకే వదిలేసేదాన్ని. ఇప్పుడు కళ్లాలు లేవు, వరిగలు పట్నం కొట్లో కవర్లలో దొరుకుతున్నాయి, కొలిచే గొంతులు లేవు. మొన్న అలాంటి కవరు ఒకటి తెచ్చి డబ్బాలో పోస్తూ గ్లాసుతో కొలిచాను. అలవాటుగా “ఒకటి” అన్నాను. చెయ్యి ఆగిపోయింది. పోసిన గింజల్ని తిరిగి కవర్లో వొంపి, తూర్పుకి తిరిగి, మళ్లీ గ్లాసు నింపాను. లాభం అందామని నోరు తెరిచాను. సిగ్గేసింది, రాలేదు.