మున్నేట్లో ఈదింది నేను కాదు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే పిల్లలందరి ముందూ నవ్వేసేవాణ్ణి నేను. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను. శ్మశానంలో మంట ఎందుకు కనపడుతుందో, నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఎందుకుంటుందో బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పాను. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా నా జీవితంలో ఒక్క విషయానికి మాత్రం బోర్డు మీద వేసే బొమ్మ దొరకలేదు. అది రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను నందిగామలో పని చేసేవాణ్ణి. నాన్న లేరు, అమ్మా నేనూ ఉండేవాళ్ళం. ఒకే పెంకుటిల్లు, మధ్యలో గోడ. అవతలి వాటాలో రాఘవులు ఉండేవాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా, నా ఈడువాడు, ఇంకా పెళ్ళి కాలేదు. పెరట్లో బావి ఇద్దరికీ ఒకటే.

ఆ రోజుల్లో ఊళ్ళో సరదాలు తక్కువ. సాయంత్రం ఆఫీసులు, స్కూళ్ళు వదిలాక మేం నలుగురైదుగురం సైకిళ్ళ మీద ఊరవతల మున్నేరు ఒడ్డుకి పోయేవాళ్ళం. వానలు వెనకబట్టాక నీళ్ళు తేటపడి, కింద ఇసుక కనపడుతుండేది. బండల దగ్గర మాత్రం నిలువు లోతు. మిగతావాళ్ళు ఈదేవాళ్ళు. నేను ఒడ్డున కూర్చుని వాళ్ళ బట్టలు చూస్తూ పేపరు చదువుకునేవాణ్ణి.

నాకు ఈత రాదు. నాకంటే ముందు పుట్టిన అక్క ఆరేళ్ళప్పుడు దిగుడుబావిలో పడి చనిపోయింది. అందుకని అమ్మ నాచేత బైబిలు మీద చెయ్యి వేయించి, నీళ్ళలో దిగనని ఒట్టేయించుకుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఉద్యోగం వచ్చాక కూడా ఆ ఒట్టు అలాగే ఉంది. రాఘవులు రోజూ వేళాకోళం చేసేవాడు. "మొలలోతు దాకా రావయ్యా, మీ అమ్మగారికి నేను చెప్తాగా" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఒక రోజు ఉదయం స్కూలుకి పోతూ మెయిన్ రోడ్డు మీద హోటల్లో టీ తాగుతుంటే, హోటలాయన గ్లాసు నా ముందు పెట్టి, పొద్దున్నే ఏట్లో భలే ఈదారండీ అన్నాడు. పాల కోసం ఐతవరం వైపు పోయి వస్తూ చూశాట్ట. నేను కాదన్నాను. ఆయన ఒప్పుకోలేదు, అలాగని వాదించనూలేదు. వారం తిరక్కముందే ఒక విద్యార్థి తండ్రి అదే మాట అన్నాడు. తర్వాత పోస్టుమాన్. ముగ్గురూ ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళు. ముగ్గురూ చెప్పింది ఒకటే: పొద్దున పూట, బండల దగ్గర, నేను ఒక్కణ్ణే.

ఇది ఏటికొచ్చే మావాళ్ళు ఆడుతున్న నాటకమని నాకు గట్టిగా అనిపించింది. నా పోలికలున్నవాణ్ణి ఎవణ్ణో పట్టుకొచ్చి ఉంటారు, లేదా వాళ్ళలోనే ఒకడు నాలాగా క్రాఫు దువ్వుకుని దిగుతున్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారు, నేను రాగానే ఎవరు మాట ఆపుతున్నారు, అన్నీ గమనించాను. మూడు రోజులు వరసగా తెల్లవారుతూనే సైకిలేసుకుని ఏటికి పోయి పొదల పక్కన నిలబడ్డాను. బట్టలుతికే కోటమ్మ, ఆవిడ గాడిదలు తప్ప ఎవరూ రాలేదు. నాలుగో రోజు పోలేదు. ఆ రోజు నన్ను ఏట్లో చూశామని ఇద్దరు చెప్పారు.

అంటే నేను ఇంట్లోంచి బయల్దేరిందీ లేనిదీ తెలిసినవాడు చేస్తున్న పని ఇది. నా సైకిలు చప్పుడు వినపడేది గోడ అవతల ఉన్న రాఘవులుకే.

పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే రాఘవులు మారిపోయాడు. ఒక సోమవారం నుంచి నన్ను నీళ్ళలోకి రమ్మనడం మానేశాడు. ఒడ్డున నా బట్టల వైపు, జుట్టు వైపు దొంగచూపులు చూసేవాడు. నేను చూస్తే తల తిప్పుకునేవాడు. తప్పు చేసినవాడి చూపే అది అనుకున్నాను.

ఈలోగా చర్చిలో ఆడవాళ్ళ ద్వారా మాట అమ్మ చెవిన పడింది. ఆవిడ కేకలేసే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఏట్లో దిగలేదని చెప్పు నాయనా, చాలు."

"దిగలేదమ్మా."

సరేనంది. కానీ నేను ఉతకడానికి వేసిన పంచె అంచులు వేళ్ళతో తడిమి, ఇసుక ఉందేమోనని చూడటం నా కళ్ళారా చూశాను. పడుకున్నానని అనుకుని నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు తడిగా ఉందేమో చూసేది. అబద్ధమాడని కొడుకుని తల్లి అలా తడిమి చూస్తుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ కోపమంతా రాఘవులు మీదకి పోయింది.

నవంబరులో జగ్గయ్యపేటలో స్కూళ్ళ ఆటల పోటీలు పెట్టారు. వాలీబాల్‌కి స్కోరు రాయడానికి నన్ను పంపారు. మూడు రోజులు అక్కడే ఉన్నాను, పడక కూడా స్కూల్లోనే. రెండో రోజు మధ్యాహ్నం మూడింటి నుంచి చీకటి పడేదాకా రెండు ఆటలు జరిగాయి. నేను బల్ల ముందు నుంచి లేవలేదు. చుట్టూ రెండు ఊళ్ళ జనం. నా ఎడమ పక్కన జగ్గయ్యపేట లెక్కల మాస్టారు కూర్చున్నారు. కాగితాల కింద సంతకాలు నావి.

నాలుగో రోజు ఉదయం బస్సులో చిల్లకల్లు మీదుగా నందిగామ వచ్చి దిగాను. హోటలాయన రోడ్డు దాటి ఎదురొచ్చి నా చేతిలో సంచీ అందుకున్నాడు. అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఇంటికి పోయేసరికి అరుగు మీద కోటమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు నాగమణి, ఏడేళ్ళ పిల్ల. నన్ను చూడగానే కోటమ్మ లేచి నా కాళ్ళ మీద పడబోయింది.

ఆమె చెప్పింది ఇది. మొన్న, అంటే నేను బల్ల ముందు కూర్చున్న రెండో రోజు, పిల్ల బండ మీంచి జారి లోతులో పడింది. కోటమ్మకి ఈత రాదు. అరిస్తే ఎవరూ లేరు. అంతలో నేను అవతలి ఒడ్డు నుంచి ఈదుకుంటూ వచ్చి, పిల్లని జుట్టు పట్టి లాగి బండ మీద పడుకోబెట్టి, నీళ్ళు కక్కించానట. ఆమె పిల్లని ఒళ్ళో వేసుకుని తలెత్తి చూసేసరికి నేను మళ్ళీ నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయానట. రోడ్డు మీద నాలుగింటి బస్సు హారను అప్పుడే వినపడిందట.

నేను ఆ వేళకి జగ్గయ్యపేటలో ఉన్నానని చెప్పాను. స్కోరు కాగితం నకలు సంచీలోంచి తీసి చూపించాను. చదువు రాని మనిషికి అది చూపించి ఏం లాభమో నాకే తెలియదు.

"మీరేనండి మేస్టారూ. వీపు మీద కాలిన మచ్చ చూశాగా. మీరు చెప్పొద్దంటే ఎవరికీ చెప్పనండి."

చిన్నప్పుడు వేడి గంజి ఒలికి నా వీపు మీద కుడి రెక్క కింద మచ్చ పడింది. నేను ఎప్పుడూ చొక్కా విప్పి బయట తిరగను. ఆ మచ్చ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అమ్మ. రెండోవాడు, బావి దగ్గర నాతో పాటు స్నానం చేసే రాఘవులు.

అమ్మ లోపలి నుంచి అంతా వింది. బయటికొచ్చి నాగమణిని దగ్గరికి తీసుకుని చాలాసేపు తల నిమిరింది. తర్వాత నా వైపు చూసింది. కోపం లేదు, నెలరోజుల నుంచి ఉన్న అనుమానమూ లేదు.

"మంచి పనే చేశావు నాయనా. ఇంకా అబద్ధం ఎందుకు?"

చెయ్యని తప్పుకి ఆ రోజు నాకు క్షమాపణ దొరికింది. తర్వాత ఎన్నిసార్లు చెప్పబోయినా అమ్మ చిన్నగా నవ్వి వేరే మాట ఎత్తేది.

సాయంత్రం రాఘవులు ఆఫీసు నుంచి రాగానే వాడి గుమ్మంలోకి పోయాను. పిల్ల ప్రాణం కాపాడావు, సంతోషం, కానీ నా మొహం పెట్టుకుని ఎందుకు తిరుగుతున్నావో చెప్పమన్నాను. మచ్చ దేంతో వేసుకున్నావని కూడా అడిగాను. మొన్న నాలుగింటికి తాసిల్దారు ముందు నిలబడి ఉన్నానని, కావాలంటే ఆఫీసంతా చెప్తుందని అన్నాడు. ఆఫీసంతా నీ వాళ్ళే కదా అన్నాను. అప్పుడు వాడు నా మొహంలోకి చూశాడు.

"నాతో కూడానా ప్రసాదూ?"

ఆ మాటకి అర్థమేమిటని నేను అడగలేదు. దొరికిపోయినవాడి మాటలాగే వినపడింది నాకు. నలుగురూ వినేలా నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. వాడు మళ్ళీ నాతో మాట్లాడలేదు. సంక్రాంతి లోపల వాటా ఖాళీ చేశాడు, ఆ తర్వాత బదిలీ చేయించుకుని గుడివాడ వైపు వెళ్ళిపోయాడని విన్నాను.

కోపం తగ్గాక తాలూకా ఆఫీసులో నాకు తెలిసిన ఒక పెద్దాయన్ని, వాడికేమీ కాని మనిషిని, మెల్లగా అడిగాను. ఆ రోజు నాలుగింటికి రాఘవులు నిజంగానే ఆఫీసులో ఉన్నాడు. ఆ తర్వాత వాడికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

ఆ నవంబరు తర్వాత నన్ను ఏట్లో చూశామని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా అటు పోవడం మానేశాను.

ఎనిమిదేళ్ళు గడిచాయి. అమ్మ చనిపోయిన మరుసటి ఏడాది, పని మీద బెజవాడ పోయి, తిరిగొస్తూ బస్టాండులో నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. నా ముందు లైన్లో రాఘవులు ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాక మొహం తిప్పుకోవడం కుదర్లేదు. పక్కకొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. ముందు క్షమించమన్నాను. వాడు చెయ్యి ఊపి, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. పోయిందని చెప్పాను.

అయితే ఇక చెప్పినా ఫర్లేదులే అంటూ వాడు మొదలుపెట్టాడు.

నేను జగ్గయ్యపేట ఆటలకి వెళ్ళడానికి ముందు ఒక ఆదివారం పొద్దున, వాడు ఒక్కడే మున్నేటికి పోయాడట. ఆ వేళకి నేను అమ్మతో చర్చిలో ఉంటాను. అయితే బండల దగ్గర నేను ఈదుతూ కనపడ్డానట. ఇన్నాళ్ళూ ఈత రాదని వేషాలు వేసి, ఇవాళ చర్చిలోంచి జారుకుని వచ్చాడే అనుకుని, నవ్వుకుంటూ ఒడ్డు దాకా వచ్చి పేరు పెట్టి పిలిచాడట. నేను తిరిగి చూశానట. బస్టాండులో మా ఎదురుగా ఉన్న టిక్కెట్ల కిటికీ చూపించి, అంతకంటే దగ్గర్లో ఉన్నావన్నాడు.

"ఏమన్నానో తెలుసా? 'అమ్మకి చెప్పకు రాఘవులూ' అన్నావు. అని మునిగావు. ఎటు తేలావో చూడలేదు."

అందుకే మర్నాటి నుంచి నన్ను నీళ్ళలోకి రమ్మనడం మానేశాడు. నేను కాదు కాదని ఊరందరితో అంటుంటే, తల్లికి భయపడి బొంకుతున్నానని సర్దుకున్నాడు. నేను గుమ్మంలోకొచ్చి వాణ్ణే నిందించినప్పుడు, గోడవతల అమ్మ వింటోంది కాబట్టి నేనలా ఆడుతున్నానని మొదట అనుకున్నాడు. నేను ఆపకపోయేసరికి, నన్ను నేను కాపాడుకోవడానికి వాణ్ణి బలి చేశానని మనసు విరిగిపోయింది. అయినా అమ్మకి ఒక్క మాట చెప్పకుండా ఊరు వదిలాడు.

అది నేను కాదని చెప్పాను. అమ్మ పేరు మీద చెప్పాను. ఇప్పుడు దాచుకోవాల్సిన మనిషి కూడా లేదు కదా అన్నాను. వాడు నమ్మాడు. గొంతు ఎవరిదని అడిగాను.

"నీదే. నాకు తెలీదా?"

గుడివాడ బస్సు పిలిచారు. వాడు లేవలేదు. దాని తర్వాతి బస్సు కూడా పోయింది. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. చివరికి వాడు వెళ్ళాడు, నేనూ వచ్చేశాను. మళ్ళీ ఉత్తరాలు రాసుకుంటున్నాం, ఆ విషయం మాత్రం ఎత్తం.

హోటలాయన, పోస్టుమాన్ పొరబడి ఉండొచ్చు. కోటమ్మ భయంలో ఏదో చూసి ఉండొచ్చు. ఒక్కొక్కటీ విడదీసి నాకు నేనే జవాబు చెప్పుకోగలను. కానీ నీళ్ళలో ఉన్నదెవరైనా, వాళ్ళకి మా అమ్మ సంగతి తెలుసు. ఆవిడ భయపడుతుందని తెలుసు. అది ఎలా తెలుసో ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.