నాగదుర్గ బిగింపులో లోపం

నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను, అదీ మా ఊరి బడిలోనే. ఆ చదువుతోనే నలభై ఆరేళ్ళు మోటార్లకు వైండింగ్ చుట్టాను. ముమ్మిడివరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్ళి అడిగినా వీరవెంకటరమణ అంటే చెబుతారు. తొంభై ఆరు తుపానుకు ఉప్పునీళ్ళలో మునిగిన మోటార్లు అరవై మూడు నా షెడ్డు ముందు పడేశారు. అన్నీ విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఎండలోనూ ఊకపొయ్యి సెగ మీదా ఆరబెట్టి తిప్పాను. ఒక్కటీ కాలలేదు. తడి ఉన్నచోట కరెంటు దొంగదారి వెతుక్కుంటుందని ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఇంకో సంగతి. కొత్త మోటారు బిగిస్తే మొదటి బొట్టు నా చేతే పెట్టించుకునేవారు. రైసు మిల్లుకూ నేనే, ఐసు ఫ్యాక్టరీకీ నేనే. నా హస్తవాసి అలాంటిది.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. నాగదుర్గ కథ చెప్పాలంటే ఇది కావాలి.

నాగదుర్గ మా మరదలు బుల్లెమ్మ కోడలు. పుట్టిల్లు ఆలమూరు. ఐటీఐలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్చుకుంది. పెళ్ళయి మా వీధిలోకి వచ్చాక ఆ చదువుతో పని పడలేదు. మొగుడు సత్యప్రసాద్ మస్కట్‌లో డ్రైవరు. ఈ పిల్ల ఆరేళ్ళు రొయ్యల షెడ్డులో నిలబడి, ఐసులో చేతులు పెట్టి తలలు తుంచింది. గోళ్ళ పక్క చర్మం తెల్లగా నాని చీలిపోయేది. పులుసన్నం కలుపుకుంటే మంట పుట్టి చెంచాతో తినేది. ఆ చెంచాను చూసి అత్తగారు మొదట్లో వెటకారం చేసింది. తరువాత వేళ్ళు చూసి ఊరుకుంది.

అమలాపురంలో ఇంజినీరు ప్రకాశరావు గారు ఈ పిల్ల పాత డ్రాయింగులు చూసి, "నెల రోజుల్లో ఒక రెండంతస్తుల ఇంటి ప్లాను పూర్తిగా గీసి తెచ్చి చూపించమ్మా. బాగుంటే ఇంటి దగ్గరే కూర్చుని మా ఆఫీసు పని చేసుకోవచ్చు" అన్నారు. షెడ్డులో నెల సెలవడిగింది. "నెల దాటితే నీ చోటు ఇంకొకళ్ళకి" అని మేస్త్రి చెప్పేశాడు. ప్లాను కుదిరితే కంప్యూటరు, లేకపోతే మళ్ళీ ఐసు. ఆ పిల్ల ముందున్నవి ఆ రెండే.

కంప్యూటరు తయారుగా ఉన్నది కొనలేదు. విడి భాగాలు అమలాపురంలో శ్యామ్ సుందర్ కొట్లో తీసుకుని, ఫోన్లో చూస్తూ, చాప మీద కూర్చుని రెండు రోజులు తనే బిగించింది. నేను పక్కన కుర్చీ వేసుకుని చూశాను. స్క్రూ ఎంత బిగించాలో ఆ చేతికి తెలుసు. ఆ మాట నేను అప్పుడు పైకి అనలేదు. అనవలసింది.

బిగించడం అయ్యాక బుల్లెమ్మ పళ్ళెం తెచ్చింది. "బావగారూ, మీ చేత్తో ఓ బొట్టు పెట్టండి. మీరు పెడితే ఇక ఆగదు కదండీ."

ముందు వైపు పెద్ద బొత్తాం ఒకటి, దాని కింద కందిగింజంత బొత్తాం ఒకటి ఉన్నాయి. పసుపు చిక్కగా తడిపి ఆ చిన్నదాని మీద చుక్క పెట్టి, పైన కుంకుమ అద్దాను. కొలిచి అమర్చినట్టు కుదిరింది.

మర్నాటి నుంచే మొదలైంది. గీస్తూ గీస్తూ ఉండగా తెర నల్లబడడం, దానంతటదే మళ్ళీ మొదలవడం. ఒకరోజు రెండుసార్లు, ఒకరోజు తొమ్మిదిసార్లు. దాచుకోనిదల్లా పోయేది. మెట్లు గీస్తే మెట్లు పోయాయి. వంటగది గీస్తే వంటగది పోయింది. ఆ పిల్ల ఏడవలేదు. ఒక నోటుబుక్కు తీసి, ఆగిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడేం చేస్తున్నదీ రాసింది. ర్యామ్ ఒకటి తీసి ఒకటి ఉంచి చూసింది. లోపల వేడి ఎంతుందో చూసింది. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ గుచ్చింది.

నాకు కోపం రోజురోజుకూ పెరిగింది. ముందు లైన్‌మన్ మీద అరిచాను. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి నిలకడగానే ఉంది. ఎర్తు గొయ్యి తవ్వించి కొత్తగా బొగ్గూ ఉప్పూ పోయించాను. అయినా ఆగుతూనే ఉంది. నలభై ఆరేళ్ళ పనితనం ముందు ఒక రేకు పెట్టె వెక్కిరిస్తుంటే ఒళ్ళు మండదా?

మూడుసార్లు పెట్టెను ఆటోలో శ్యామ్ సుందర్ కొట్టుకు మోసుకెళ్ళాం. కొట్లో నవ్వుతారని నాగదుర్గ ప్రతిసారీ తడిగుడ్డతో బొట్టు తుడిచేసేది. ఆ ఏసీ గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి ఆగితే ఒట్టు! పవర్ సప్లై మార్చి ఇచ్చినా ఇంటికి వచ్చాక అదే వరస. మూడోసారి శ్యామ్ సుందర్ పదిమంది ముందు నోరు చేసుకున్నాడు.

"చూసేరు కదండీ, ఇక్కడ బంగారంలా నడుస్తోంది. మా సామాన్లలో ఏం లేదండీ. ఫోన్లో చూసి కలిపెయ్యడానికి ఇదేమన్నా పులిహోరాండీ? ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బిగించుకుంటే ఇలాగే ఉంటదండి మరి."

కొట్లో అందరూ నవ్వారు. నాగదుర్గ నా వైపు చూసింది. నేను ఏమన్నానో రాస్తున్నాను, దాచడం లేదు. "నిజమేనయ్యా. చేతికి అనుభవం లేదు. బిగింపులోనే ఎక్కడో లోపం ఉండాలి" అన్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మావయ్యగారూ, మీరు మొదటి మోటారు చుట్టినప్పుడు కూడా ఇలా నవ్వేరాండీ?" అంది.

నవ్వారు. ఆ సంగతి చెప్పకుండా, ఆటో నెమ్మదిగా నడపమని డ్రైవరు మీద అరిచాను.

గడువు చివరి రోజు శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి ప్లాను ప్రకాశరావు గారి బల్ల మీద ఉండాలి. పై అంతస్తు ఇంకా మిగిలింది. తెల్లవారగానే కూర్చుంది. నేను కాఫీ తాగి వెళ్ళేసరికి నోటుబుక్కు చూపించింది.

"మావయ్యగారూ, శుక్రవారాలు ఎక్కువసార్లు ఆగుతోందండీ. పెట్టె విప్పి మళ్ళీ బిగించిన రోజు కూడా ఎక్కువేనండీ. మిగతా రోజులు తగ్గుతోంది."

"శుక్రవారానికీ కరెంటుకీ ఏమిటే సంబంధం? వర్జ్యం చూసి నడుస్తుందా నీ కంప్యూటరు?" అని కసురుకున్నాను.

అప్పుడే బుల్లెమ్మ తలంటుకుని, పళ్ళెంతో లోపలికి వచ్చింది. మిగతా శుక్రవారాల్లో ఆవిడ పూజ అయ్యాకే నాగదుర్గ కంప్యూటరు పెట్టేది. ఆ రోజు ముందే నడుస్తోంది. ఆవిడ వంగి, తడి పసుపు వేలికి తీసుకుని, ఆ చిన్న బొత్తాం మీద అద్దింది.

తెర నల్లబడింది.

నాగదుర్గే ముందు తేరుకుంది. "అత్తయ్యా, అది కంప్యూటరు ఆపి మళ్ళీ మొదలుపెట్టే బొత్తామండీ!"

"నేనేం నొక్కలేదే అమ్మాయ్! బొట్టు పెట్టేనంతే. విప్పి బిగించినప్పుడల్లా పెడుతున్నాను, శుక్రవారం శుక్రవారం పెడుతున్నాను. బావగారు పెట్టిన చోటే కదే పెడుతున్నాను! అడుగు, అక్కడే కాదండీ బావగారూ?"

నాగదుర్గ పెట్టె ముందు వైపు మూత ఊడదీసింది. బొత్తాం చుట్టూ, వెనక వైర్లు అతికిన రెండు ఇనప కాళ్ళ మధ్యా పసుపూ కుంకుమా ముద్ద కట్టి ఉన్నాయి. వేలితో ముట్టుకున్నాను. మెత్తగా, చెమ్మగా ఉంది. పైది తుడిస్తే పోయేది, లోపలిది పోయేది కాదు. ఏసీ గదిలో ఆరేది, ఇంటి దగ్గర కొత్త పూతతో మళ్ళీ నానేది. ఫ్యాను అదురుకు ఆ తడి ముద్ద రెండు కాళ్ళనూ కలిపేది, ఎవరో బొత్తాం నొక్కినట్టే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలయ్యేది. అరవై మూడు మోటార్లు ఆరబెట్టినవాణ్ణి, నా చేత్తో నేనే తడి పెట్టి, నెల రోజులుగా లైన్‌మన్‌నూ, పెట్టెనూ, ఈ పిల్లనూ తిడుతూ వచ్చాను. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడను ఒక్క గుద్దు గుద్దాను. చెయ్యి వాచింది.

నాగదుర్గ ఆ బొత్తాం నుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే రెండు వైర్లనూ ఊడదీసి పక్కకు మడిచింది. "ఇది లేకపోయినా నడుస్తుందండీ" అంది. మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. కంప్యూటరు ఒక్కసారి ఆగలేదు. అమలాపురంలో ప్రింటు తీయించుకుని, నాలుగింటికి పది నిమిషాలుండగా ప్రకాశరావు గారి మెట్లెక్కాం. ఆయన కాగితాలు తిరగేసి, "మెట్ల కింద కిటికీ పెట్టేవే, బాగుంది. సోమవారం వచ్చి రెండోది పట్టుకెళ్ళు" అన్నారు. ఆ పిల్ల "ఆయ్, అలాగేనండీ" అని, బయటికి వచ్చి షెడ్డు మేస్త్రికి ఫోన్ చేసింది. రానని చెప్పడానికి.

నేను అక్కడి నుంచి ఇంటికి వెళ్ళలేదు. శ్యామ్ సుందర్ కొట్టుకు పద అన్నాను. వద్దండీ అంది. వినలేదు. కొట్లో ఆరేడుగురున్నారు. జరిగింది మొదటి నుంచి చెప్పాను. శ్యామ్ సుందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బొట్టు గ్యారంటీలోకి రాదండీ బాబూ!"

"నవ్వు. నవ్వుతూనే విను. అవాళ పదిమందిలో అన్నాను కాబట్టి ఇవాళ పదిమందిలో అంటున్నాను. ఈ పిల్ల బిగింపులో లోపం లేదు. లోపం నా వేలిది. నువ్వు ఆడవాళ్ళ బిగింపు అని కూసిన మాట వెనక్కి తీసుకో."

అతను నవ్వు ఆపి, సామాన్లు సర్దుకుంటూ, "ఏదో సరదాకి అన్నానండీ" అని గొణిగాడు. అది వెనక్కి తీసుకోవడం కాదు. ఈ రోజుకీ ఆ కొట్టు ముందు నుంచి వెళ్తే నాకు రక్తం మరుగుతుంది.

పోయిన నెల కుట్టుపని చేసే కుసుమ డిజైన్ల కోసం కంప్యూటరు కావాలంటే నాగదుర్గే బిగించింది. అయ్యాక కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరే పెట్టాలండీ మావయ్యగారూ. నీళ్ళు కలపలేదు."

ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. కళ్ళెత్తి చూస్తే, ముందున్న రెండు బొత్తాల మీదా తన అరచెయ్యి అడ్డం పెట్టి ఉంది. వేళ్ళ పక్క చర్మం పూర్తిగా మానింది. రెండో చేత్తో పక్క రేకు చూపించింది.

పొడి కుంకుమ తీసి, చూపించిన చోటే పెట్టాను.