దయాసాగర్ తప్పుల పుస్తకం

ఆత్మకూరు బస్టాండు దగ్గర మా చిన్న ఆసుపత్రిలో నా గదికీ దయాసాగర్ గదికీ మధ్య ఒక్కటే గోడ. ఇవతల నేను రక్తపరీక్షలు చేస్తాను, అవతల అతను ఎక్స్‌రే తీస్తాడు. నా పేరు సుధారాణి. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అతను ఈ రెండింటిలోనూ నాకు సరిగ్గా తిరగేసిన మనిషి. పదకొండేళ్ళుగా ఆ గోడకి చెరోవైపు ఉన్నాం కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

అతని సొంతూరు ఉదయగిరి. వారమంతా ఇక్కడ అద్దెగదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సెక్కుతాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సీసపు అక్షరాలుంటాయి, కుడిపక్కకి ఒకటి, ఎడమపక్కకి ఒకటి. ఫోటోలో ఏ పక్క ఏదో తెలియడానికి పెడతారు వాటిని. ఒకరోజు అవి అద్దెగదిలో మర్చిపోయి, ఎండలో తిరిగి నడుచుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాడు. కంప్యూటర్లో అక్షరం కొట్టేయొచ్చు కదయ్యా అంటే, తీసేటప్పుడు పెట్టిందే అక్షరం, తర్వాత కొట్టింది ఊహ అన్నాడు. అట్లాంటి చాదస్తం.

“ఇరిగిందా సామీ?” అని ఎవరడిగినా, “తీసేది నేను, చెప్పేది డాక్టరమ్మ” అంటాడు. పోనీ ముఖం చూసి కనిపెడదామా అంటే అక్కడా ఏమీ దొరకదు. పెళ్ళికి పిలిచినా అదే ముఖం, తుంటి విరిగిందని తెలిసినా అదే ముఖం. గట్టు తగాదాలో ఉన్న ఒక పెద్దమనిషి ఓసారి వచ్చి, వేరేవాళ్ళ విరిగిన చేతి ఫోటో మీద తన పేరు వేసిమ్మన్నాడు, కేసుకి పనికొస్తుందని. “ఇరగని ఎముకని నేనెట్టా ఇరగ్గొట్టేది పెద్దాయనా? మాకు ఆ పని నేర్పించలా” అన్నాడు దయాసాగర్. పెద్దాయన నవ్వలేదు. గోడ ఇవతల నేను నవ్వుకున్నాను.

వీటన్నిటినీ మించింది ఆ పుస్తకం. ఏ ఫోటో అయినా రెండోసారి తీయాల్సివస్తే, మనిషి ఒంటిమీదికి అనవసరంగా ఇంకోసారి కిరణాలు పంపినట్టే కదా అని, తేదీ వేసి కారణం రాసుకుంటాడు. అట్లని “రోగి కదిలాడు” అని రాయడు. “కదలొద్దని నేను సరిగా చెప్పలేదు” అని రాస్తాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎవరు అడిగారని రాయడం? దానికి తప్పుల పుస్తకం అని పేరు పెట్టింది నేనే.

ఇక మాలకొండమ్మ సంగతి. ఆసుపత్రిలో పనిచేస్తూ రోగుల విషయాలు బయటపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఆమే కలువాయి బస్సులో అందరికీ చెప్పుకుంది, రాసుకోమని నాకూ చెప్పింది.

పోయిన ఆగస్టులో ఒక సోమవారం. మాలకొండమ్మది కలువాయి దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం, డెబ్బై ఏళ్ళుంటాయి. రెండు వారాలుగా దగ్గు తగ్గలేదని కొడుకు పెంచలయ్య తీసుకొచ్చాడు. మా డాక్టరమ్మ శ్వేత ఛాతీ ఎక్స్‌రే రాశారు. ఆడవాళ్ళకి ఛాతీ ఫోటో అంటే దయాసాగర్‌ది ఒకటే పద్ధతి. ఆయా నిరోష లోపల ఉండాలి, ఆమే రవిక తీయించి ఆసుపత్రి గౌను తొడగాలి. ఆరోజు నిరోష వింజమూరులో చెల్లెలి పెళ్ళికి వెళ్ళింది. బయట బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు.

“ఈ వయసులో నాకు గౌనేందిరా అబ్బయ్యా? తీస్తే తియ్యి, లేకుంటే పోతా” అని ముసలామె మొండికేసింది. మెళ్ళో తాయెత్తు మాత్రం తీసి చేతికిచ్చింది. ఇంకేమన్నా ఉన్నాయా అవ్వా అని దయాసాగర్ అడిగితే, ఏమీ లేవంది. గోడ తట్టి నన్ను పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. అట్లాగే తీసేశాడు.

ఫోటోలో కుడివైపు ఊపిరితిత్తి మీద గుండ్రంగా ఒక మచ్చ కనబడింది. డాక్టరమ్మ పెద్ద మాటలేవీ అనకుండా, నెల్లూరులో స్కాన్ తీయిస్తే మంచిదని పెంచలయ్యకి చెప్పారు. ఆమె ఎంత మెత్తగా చెప్పినా, అతని ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. తల్లి చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

దయాసాగర్ ఇంకో నలుగురికి ఫోటోలు తీసి, మళ్ళీ ఆ మచ్చ దగ్గరికే వచ్చి కూర్చున్నాడట. అంచు మరీ గీసినట్టుగా ఉంది, లోపలి మచ్చ కాదు, ఒంటిమీది వస్తువేదో పడిందేమోనని అనుమానం. ఊరుకుంటే అతనికి పోయేదేమీ లేదు. నెల్లూరులో స్కాన్‌లో ఏమీ లేదని తేలుతుంది, అందరూ దేవుడికి దండం పెట్టుకుంటారు. అతను లేచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, “మేడమ్, నేను గౌను మార్పించకుండా తీశాను. నమ్మకం లేదు. మళ్ళీ తీయాలి” అన్నాడు. ఆమె సరేననగానే బస్టాండుకి పరిగెత్తాడు. పదకొండేళ్ళలో అతను పరిగెత్తడం చూడటం అదే మొదలు. అప్పటికే పెంచలయ్య ఫోన్లో గొర్రెల బేరం పెట్టేశాడు, మంద మొత్తం.

ఈసారి నన్ను లోపలికి పిలిచాడు. తెర చాటున రవిక తీయిస్తుంటే నా చేతికి గట్టిగా ఏదో తగిలింది. లోపలివైపు కుట్టుకున్న చిన్న గుడ్డ అరలో నిండు వక్క, రేగిపండంత.

ముసలామె దాన్ని లాక్కుని కొంగున ముడేసుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. “చెప్పబాక తల్లీ. పెంచలకోనలో సామి ముందర నేనూ నా కొడుకూ ఒట్టేసుకున్నాం. వాడు బీడీ మానేసినాడు, నేను వక్కాకు మానేసినాను. ఆకు మానేసినాను గానీ, ఈ వక్క దవడన లేకపోతే నాకు పొద్దు పోదు. నేను మాట తప్పినానని తెలిస్తే వాడు మళ్ళీ బీడీ ముట్టిస్తాడు.”

రెండో ఫోటోలో మచ్చ లేదు. వక్క సంగతి నేను దయాసాగర్‌కి చెప్పాను, అతను డాక్టరమ్మకి చెప్పాడు. డాక్టరుకి దాచకూడదు, కొడుక్కి చెప్పకూడదు, అదీ అతని లెక్క. డాక్టరమ్మ ముసలామె నోరు తెరిపించి టార్చి వేసి చూశారు, వక్కతో నోటికి వచ్చే ముప్పేదో చెవిలో చెప్పి కోప్పడ్డారు, దగ్గుకి వారం మందులు రాశారు. పెంచలయ్యని పిలిచి, మీ అమ్మకి ఏమీ లేదు అన్నారు.

“మరి ఆ మచ్చేంది?”

“నా పొరపాటన్నా” అన్నాడు దయాసాగర్. “గౌను తొడిగించకుండా తీశాను.”

గంటసేపు గుండెలో బండ మోసిన మనిషి ఊరుకుంటాడా? “పని రానోడివి ఈడెందుకు కూచున్నావురా? మా యమ్మ సచ్చిపోతాదనుకున్నా! మందంతా అమ్మేస్తిని గదరా!” అని జనమందరి ముందూ విరుచుకుపడ్డాడు. దయాసాగర్ తల వంచుకుని నిలబడ్డాడు. వక్క సంగతి నాకు నాలుక చివరిదాకా వచ్చింది. అతను నావైపు ఒక్క చూపు చూశాడు, నోరు మూసుకున్నాను. మూసుకోవడం నాకెంత కష్టమో ఎరిగినవాళ్ళకి ఎరుక.

అప్పుడు మాలకొండమ్మ బెంచీ మీంచి లేచింది. “ఆ పిలగాణ్ణి అనబాకరా! తప్పు నాది. ఇదిగో, ఇదిరా నీ మచ్చ!” అని కొంగు ముడి విప్పి వక్కని కొడుకు అరచేతిలో పెట్టింది.

పెంచలయ్య దాన్ని చూశాడు, తల్లిని చూశాడు. “వక్కా? వక్కేనామ్మా?” అంటూ ఉన్నచోటే నేలమీద కూలబడి, నవ్వుతూ ఏడ్చేశాడు. “తినమ్మా, నువ్వుంటే చాలు. బస్తా తెచ్చిస్తా.”

“ఏం తెచ్చిచ్చేది?” అని లోపలినుంచి డాక్టరమ్మ అరిచారు. మెట్లమీది జనం కూడా నవ్వారు. పెంచలయ్య కళ్ళు తుడుచుకుని, ముందు బేరగాడికి ఫోన్ చేసి గొర్రెలు అమ్మనని చెప్పాడు. తర్వాత దయాసాగర్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

సాయంత్రం దయాసాగర్ పుస్తకం తీశాడు. “కారణం: నా తొందర” అని రాశాడు. వక్క అని రాయొచ్చు కదయ్యా, ఇప్పుడు అందరికీ తెలిసిందే కదా అన్నాను.

“వక్క ఆమెది. తొందర నాది” అన్నాడు, ఎప్పటి ముఖంతోనే.

నాకు ఒళ్ళు మండలేదు. ఆ మనిషి పక్కగదిలో పనిచేస్తున్నందుకు గర్వంగా అనిపించింది. ఆ మాట అతనితో మాత్రం అనలేదు, నెత్తికెక్కుతాడని.

మొన్న మాలకొండమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి మోకాలికి. దయాసాగర్‌ని చూడగానే గుమ్మంలోనే నిలబడి గుండె మీద రెండు చేతులతో చరుచుకుంది. “ఏమీ లేదు నాయనా, ఒట్టు. కావాలంటే చూసుకో!”

“మోకాలికి రవికతో పనిలేదవ్వా” అన్నాడతను. “ఒకవేళ పనున్నా చూసేది నేను కాదు, నిరోష.”

అని, బల్ల ఎక్కించబోతూ ఆగి, గోడ తట్టి నన్ను పిలిచాడు. నిరోష టీకి వెళ్ళిందట.