బంద్ రోజున నర్సమ్మక్కకు పాఠం

ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ అని తెలిసీ బయల్దేరానంటే కారణం నర్సమ్మక్క. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. మాణికేశ్వర్ నగర్‌లో మేం నడిపే పెద్దల బడికి ఆర్నెల్లుగా వస్తోంది. "రేపు ఎట్లయినా రా మేడం, నాకో మాట రాసుడు నేర్పాలె" అంది ముందురోజు. మల్కాజ్‌గిరి గదిలో నాతో ఉండే అమ్మాయిలిద్దరూ గొడవలకు భయపడి బాపట్ల వెళ్ళిపోయారు. నాదీ ఆ ఊరే. ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోవడం కంటే వెళ్ళడమే నయమనిపించింది.

బస్సుల్లేవు. మధ్యాహ్నం మూడింటికి రైల్వే స్టేషన్ దగ్గర ఒక్క ఆటో దొరికింది. షేర్ ఆటోలో పది రూపాయలకు వెళ్ళే తార్నాకకు అరవై అడిగాడు. "క్యాంపస్ లోపటికి రాను మేడం, గాడ గ్యాస్ కొడుతున్నరు. మీదే ఊరు?" అన్నాడు. "మల్కాజ్‌గిరే" అన్నాను. ఇంకో ముక్క మాట్లాడితే మా బాపట్ల యాస పట్టేస్తాడని దారంతా మూగనోము పట్టాను. తార్నాక చౌరస్తాలో దిగి క్యాంపస్ లోంచి నడిచాను. మామూలప్పుడు చెట్ల నీడన హాయిగా ఉండే దారి. ఆ రోజు కళ్ళు మండాయి, పలకరించే మనిషి లేడు.

బడిలో నర్సమ్మక్క ఒక్కతే తెల్ల అట్ట ముందేసుకుని కూర్చుంది. "మా రాష్ట్రం మాకు కావాలె. గిది రాయాలె మేడం, ర్యాలీల పట్టుకుంట" అంది. బడిలో రాజకీయాలు వద్దని మా పెద్దసారు గట్టిగా చెప్పారు. కానీ ఇన్నాళ్ళూ పలక, బలపం అని దిద్దించి, తీరా ఆమె తనకు కావలసిన మాట అడిగితే, అదొక్కటీ తప్ప అని ఎలా అనను? అక్షరాలిచ్చి, వాటితో ఏం రాయాలో కూడా నేనే చెబితే అది చదువా, పెత్తనమా?

"నువ్వేమంటవ్ మేడం? రాష్ట్రం ఇయ్యాల్నా, వద్దా?" అనడిగింది.

ఔనంటే టీచరు చెప్పిందని తలూపుతుంది. కాదంటే రేపట్నుంచి బడికి రాదు. నిజానికి నా మనసులో ఏముందో నాకే తేలలేదు. "అది నేను చెప్పేది కాదక్కా. నువ్వు రాయి, తప్పుంటే చూస్తాను" అన్నాను. చెయ్యి పట్టబోతే వద్దంది. తుడుస్తూ, దిద్దుతూ తనే రాసుకుంది.

అట్ట పట్టుకుని ఇద్దరం నడుస్తుంటే ఊరేగింపు క్యాంపస్ గేటు దగ్గర కలిసింది. "నువ్వూ రారాదు" అంది నర్సమ్మక్క. "రాలేనక్కా" అన్నాను. కాసేపు నా మొహం చూసి, "ఎరుకే బిడ్డా. జల్ది ఇంటికి పో, చీకటైతది" అంది. అంతకుముందెప్పుడూ నన్ను బిడ్డా అనలేదు.

మీరూ ఇలాంటి బడికి వెళ్ళదలుచుకుంటే ఒకటే సలహా: బంద్ రోజు వెలుతురుండగానే తార్నాక చౌరస్తాకు చేరండి, తర్వాత ఆటోలు దొరకవు. నాకు దొరకలేదు, మల్కాజ్‌గిరి దాకా నడిచాను. ఆలస్యం నాదే. గేటు ఎదుట మూసిన కొట్టు మెట్ల మీద నిలబడి, ఆ అట్ట కనుమరుగయ్యే దాకా కదల్లేకపోయాను. నర్సమ్మక్క నలుగురి ముందు పెట్టిన మొదటి రాత అది, ఒక్క తప్పు లేదు. నా బళ్ళో నేర్చిన రాత అని ఎంత పొంగిపోయానో! ఎవరికైనా చెప్పుకుందామంటే గదిలో మనిషి లేదు. బాపట్లకు ఫోన్ చేసి అమ్మతో చెప్పుకోగలిగే సంతోషమా అది?