గేముల కొట్టు బైరాగి ఓరచూపు

కాశీబుగ్గ బస్టాండు నుంచి పలాస స్టేషను వైపు నడిచే దారిలో, జీడిపప్పు కొట్ల వరస దాటాక, నీలం తలుపుల గది ఒకటి ఉండేది. అందులో నాలుగు కంప్యూటర్లు, ఒక స్టూలు, ఆ స్టూలు మీద బైరాగి. లోపలికి ఎవరొచ్చినా అతను తిన్నగా చూసేవాడు కాదు. మొహం గోడవైపు తిప్పుకుని కంటి కొసతో చూసేవాడు. ఈ మనిషికి మనమీద ఏదో అనుమానం ఉన్నట్టుందే అని కొత్తవాళ్ళు అనుకునేవారు. పాతవాళ్ళు అనుకునే పని లేదు, వాళ్ళకి తెలుసు.

టీ కొట్టులో పాలు పోసేదాకా గిన్నె మీంచి కళ్ళు తీసేవాడు కాదు. కొబ్బరికాయ కొంటే, కొట్టువాడు ఏరి ఇచ్చింది పక్కన పెట్టి, వాడు చెయ్యి వెయ్యనిది తీసుకునేవాడు. గొడుగు, సైకిలు, మంచినీళ్ళ బిందె, ఇంట్లో ప్రతి వస్తువు మీదా ఏదో ఒక మూల రెండు చుక్కలు, కింద ఒక గీత ఉండేవి.

ఆ ఓరచూపూ, ఈ గుర్తూ సముద్రం ఇచ్చినవే. అతని సొంతూరు మంచినీళ్ళపేట. తండ్రి సోములు ఇసక దిబ్బ మీద నిలబడి, చేపల గుంపు ఎటు తిరుగుతోందో చూసి, వల లాగేవాళ్ళకి తువ్వాలు ఊపి చెప్పే మనిషి. "తిన్నగా సూత్తే ఒట్టి నీరే అవుపిత్తాది. వారగా సూడు, వణుకు అవుపిత్తాది" అని కొడుక్కి నేర్పాడు. ఇక వల తేలడానికి కట్టే బెండ్ల మీద ఏ ఇంటి గుర్తు ఆ ఇంటిది. ఒడ్డున అన్ని వలలూ కలిసిపోయినా ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. సోములు ఇంటి గుర్తు రెండు చుక్కలు, కింద గీత.

బైరాగి కూడా ఆ తీరం కుర్రాళ్ళందరిలాగే గుజరాత్ వెళ్ళి, వెరావల్ రేవు చేపల బోట్లలో పనిచేశాడు. ఒక ఏడు తాడు బిగిసి కుడిచేతి వేళ్ళు రెండు మడత పడకుండా పోయాయి. ఆ చేత్తోనే ఇంకో రెండు సీజన్లు వెళ్ళాడు. మూడోసారి బయల్దేరుతుంటే భార్య గౌరి అతని సంచీ లాక్కుని అటక మీదికి విసిరింది. ఆ తరవాత కాశీబుగ్గలో ఎస్టీడీ బూత్ పెట్టాడు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడింది. అదే గదిలో, మూసేసిన ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ పాత మిషన్లు తెచ్చి, కాలేజీ కుర్రాళ్ళకి గేములు ఆడుకోడానికి ఇచ్చాడు. రెండువేల ఆరో సంవత్సరానికి ఆ గదే అతని బతుకుతెరువు.

కుర్రాళ్ళలో మొనగాడు యువరాజు. డిగ్రీ రెండో ఏడు. వాడు ఎక్కడ కూర్చుంటే మిగతావాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఒకరోజు వాడు ఆట మధ్యలో లేచి కళ్ళు నులుముకున్నాడు.

"మావా, నీ తెర ముందర గంట కూసుంటే కళ్ళు మండిపోతన్నాయి. టేషను ఎదురుగా కొత్త సెంటరెట్టినారు. అక్కడి తెరలు సూసినావేటి?"

"సూసినాను."

"ఎప్పుడెల్లినావు?"

"ఎల్లనేదు. రోడ్డుమీంచి వారగా సూసినాను."

కుర్రాళ్ళు నవ్వారు. యువరాజు నవ్వలేదు. "ఈ నెలాకరు దాకా నీకాడే ఆడతాం మావా. ఒక్క మిషనైనా బాగుసెయ్. నేకపోతే మా దారి మాది."

ఆ రాత్రి అన్నం పెడుతూ గౌరి అటకవైపు ఒకసారి చూసింది. కొట్టు మూతపడితే ఆ సంచీ కిందికి దిగుతుందని ఇద్దరికీ తెలుసు.

కంప్యూటర్లు బాగుచేసే ఫణిశంకర్ టెక్కలి నుంచి వచ్చేవాడు. స్కూలు గుమస్తాగా చేసి పోయిన నరహరి గారబ్బాయి. గౌరి చీటీ పాడిన డబ్బుతో తెప్పించిన కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి, మిషన్ మూత వేస్తూ చెప్పాడు.

"బైరాగి గారూ, ఈ కార్డు మరీ గొప్పదీ కాదు, చవకదీ కాదు. మధ్యరకం. తెర దీనికి తగ్గది చూడాలి. ఎక్కువ చుక్కలతో బొమ్మ గీయమని అడిగే తెర పెడితే ఇది ఆయాసపడుతుంది. ఇంకోటి, తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని కొత్తగా గీస్తుందన్నది చూడాలి. మీ పాతది అరవైసార్లే గీస్తుంది. అందుకే ఆ కళ్ళమంట. వందసార్లు గీసే పెద్ద డబ్బా తెర ఒకటి మా ఇంట్లోనే ఉంది. బ్యాంకువాళ్ళు కొత్తవి పెట్టుకుని పాతవి అమ్మేస్తే కొన్నాను. కావాలంటే తీసుకోండి."

అంతవరకూ తల ఊపుతున్న బైరాగి ఆ చివరి మాటకి ఆగిపోయాడు. ఒడ్డున బేరగాడి కాళ్ళ దగ్గరికి గంప తెచ్చి పెట్టేవాడి చేపలు, పైవరస తప్ప అన్నీ నిన్నటివే. అడక్కుండా ఇస్తానంటున్నాడంటే ఆ డబ్బాకి ఏదో రోగం ఉండాలి.

"సూద్దాం బాబూ" అన్నాడు.

ఫణిశంకర్ చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళగానే బైరాగి మిషన్ మూత మళ్ళీ తీశాడు. గౌరి గోళ్ళరంగు సీసాతో కార్డు అంచు మీద రెండు చుక్కలు, కింద గీత పెట్టి మూసేశాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా శ్రీకాకుళం వెళ్ళాడు. ఊళ్ళో పెద్ద షాపులో తెరలు వరసగా వెలుగుతున్నాయి. షాపువాడు చెప్పిందేదీ బైరాగి చెవిన పెట్టలేదు. తెరకి పక్కగా నిలబడి, ఎదుట గోడమీద కేలండర్ని చూస్తూ, కంటి కొసతో తెరని పరీక్షించాడు. డబ్బా తెర వణికింది. ఎండపడిన నీటి మీద గుంపు కదిలినట్టే వణికింది. దాని పక్కనున్న పల్చటి ఎల్‌సీడీ మాత్రం ఇసుమంత కదల్లేదు. చెరువులో నీళ్ళలా నిలబడింది.

"ఏం చూస్తున్నారు సార్, కేలండర్ కావాలా?" అన్నాడు షాపువాడు.

"తెరే సూత్తన్నాను. ఆ పల్చటిది కట్టీ."

బస్సులో ఆ పెట్టెని పైన పెట్టనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని పలాస దాకా కూర్చున్నాడు. నరసన్నపేటలో పక్కసీటు మనిషి దానిమీద చెయ్యి ఆనించబోతే, చెయ్యి తీసేదాకా అతన్ని ఓరగా చూశాడు.

సాయంత్రానికి కుర్రాళ్ళు మూగారు. తెర అందంగా ఉందన్నారు. యువరాజు ఆట మొదలెట్టి, అందులో మనిషిని గిరుక్కున తిప్పాడు. వాడి వెనకాల నీడలా ఒక తోక సాగింది. ఇంకోసారి తిప్పేసరికి బొమ్మ ఆగి, గెంతి, మళ్ళీ ఆగింది.

"ఇదేటి మావా, సబ్బునీళ్ళలో సూసినట్టుంది. ఆగాగి నడత్తంది కూడా. పాత తెరమీద కళ్ళు మండినా ఆటైతే ఆగనేదు."

బైరాగి మిషన్‌వైపు ఓరగా చూశాడు. తెర తను స్వయంగా పరీక్షించి తెచ్చినది, దానిలో తప్పుండదు. మరి మిగిలింది కార్డు. కార్డు బిగించింది ఫణిశంకర్. తన డబ్బా తెర వెంటనే తీసుకోలేదన్న కోపంతో, బైరాగి శ్రీకాకుళం వెళ్ళిన పూట కొట్టుకొచ్చి నాసిరకం కార్డు మార్చి పెట్టి ఉంటాడు. ఆ రాత్రంతా ఆలోచించిన కొద్దీ అది నిజమేననిపించింది. తను పెట్టిన గుర్తు ఉందో లేదో చూడాలని కూడా తట్టలేదు, తెల్లారగానే ఫోను చేసి రమ్మన్నాడు.

ఆ పూటే ఫణిశంకర్ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే, కుర్రాళ్ళందరి ముందూ అడిగేశాడు. "బాబూ, నా కార్డు ఏటి సేసినావు?"

"ఏం చేయడమేమిటి?"

"సీకాకులం ఎల్లినప్పుడొచ్చి మంచిది తీసి మరోటి బిగించినావు. అంతే గదా."

ఫణిశంకర్ మొహం ఎర్రబడింది. మిషన్ విప్పి, కార్డు బయటికి తీసి అతని చేతిలో పెట్టాడు. అంచుమీద గులాబీరంగు చుక్కలు రెండు, కింద గీత, తడి ఆరి మెరుస్తున్నాయి.

"ఇదేమిటి?" అన్నాడు ఫణిశంకర్.

బైరాగి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. యువరాజు వంగి చూసి, "అది మావ ఇంటి గుర్తు. మా మావ బిందెమీద కూడా ఉంటాది" అన్నాడు. కుర్రాళ్ళెవరూ నవ్వలేదు.

ఫణిశంకర్ కార్డు తిరిగి బిగించాడు. బిగిస్తూనే, మొహం ఎత్తకుండా చెప్పాడు. "మీ కార్డు మీ దగ్గరే ఉంది. ఈ పల్చటి తెరకి ఉన్న చుక్కలన్నీ గీస్తేనే బొమ్మ తేటగా వస్తుంది. అన్నీ గీయలేక కార్డు ఆగుతోంది. తగ్గిస్తే మసకేస్తుంది. తోక మాత్రం తెరదే, దాని నడక నిదానం. నేను చెప్పింది ఇదే." స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, తన కూలి కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

విప్పిన పెట్టె వెనక్కి తీసుకోనన్నాడు షాపువాడు. నెలాఖరు దగ్గరపడింది. కొట్టు ఖాళీ అవుతూ వచ్చింది. ఒకరోజు గౌరి జీడిపప్పు పనినుంచి ఇంటికొచ్చేసరికి సంచీ కింద ఉంది, బైరాగి దాని జిప్పుకి కొబ్బరినూనె రాస్తున్నాడు.

"టెక్కలి ఎల్లవేటి మావా?"

"ఏ మొకమెట్టుకుని ఎల్లను?"

"అనుమానమొత్తే సీకాకులం దాకా బస్సెక్కి ఎల్తావు. తప్పయిపోనాదని సెప్పాలంటే టెక్కలి దూరమైపోనాదేటి? గుజరాతు దగ్గరేటి?"

బైరాగి నూనె సీసాకి మూత బిగించాడు. మర్నాడు పొద్దున్న ఎల్‌సీడీని పెట్టెలో సర్దుకుని టెక్కలి బస్సెక్కాడు. దాన్ని ఎందుకు మోస్తున్నాడో అతనికీ సరిగ్గా తెలీదు.

తలుపు తీసింది ఫణిశంకర్ తల్లి మంగతాయారు. ఇంట్లోనే డాక్యుమెంట్లు టైపు చేసి ఇస్తుంది. తెర చూసి చూసి మండుతున్న కళ్ళు తుడుచుకుంటూనే కూర్చోమంది. ఫణిశంకర్ లోపల్నుంచి వచ్చి నిలబడ్డాడు.

"నీమీద నింద ఏసినాను బాబూ. అందరిముందరా ఏసినాను. తప్పు నాదే."

"ఆ గుర్తు పెట్టకపోయి ఉంటే ఇప్పటికీ నమ్మేవారు కాదు" అన్నాడు ఫణిశంకర్.

"నమ్మను" అన్నాడు బైరాగి.

ఆ మాటకి మంగతాయారుకి నవ్వొచ్చింది. కొడుక్కి రాలేదు గానీ, భుజాలు కాస్త దిగాయి. మూలనున్న బల్లమీద దుప్పటి తీశాడు. బ్యాంకు డబ్బా తెర వెలిగింది.

"మీ పద్ధతిలోనే చూడండి."

బైరాగి పక్కకి తిరిగి కిటికీవైపు చూశాడు. "వణుకుతంది. సీకాకులం సాపులో డబ్బా కూడా ఇలాగే వణికినాది."

"ఇప్పుడు అరవై. అమ్మ టైపు చేసే పాత ప్రోగ్రాము అరవైలోనే నడుస్తుంది." మౌసుతో ఏదో నొక్కాడు. "ఇప్పుడు వంద."

బైరాగి చాలాసేపు కిటికీ చూశాడు. ఇంకో పక్కకి వెళ్ళి గోడ చూశాడు. "నిలబడ్డాది" అన్నాడు నెమ్మదిగా.

"షాపులో డబ్బా తెరా ఇలాగే నిలబడేదేమో. మార్చి చూపమని మీరు అడగలేదు, వాళ్ళు చూపలేదు. మీ కార్డు ఆయాసపడనంత చుక్కల్లో ఇది వందసార్లు గీస్తుంది. తోకా ఉండదు."

మంగతాయారు మాత్రం పెట్టెలోంచి పల్చటి తెర తీసి చూస్తోంది. దానిమీద అక్షరాలు పెట్టించి చదివింది. "ఒరే శంకరం, దీనిమీద అక్షరం కదలట్లేదురా. నాకు పరుగులతో పనేముంది, ఇది నా కళ్ళకి హాయిగా ఉంది" అంది.

ఆ పూటే రెండు తెరలూ ఇళ్ళు మారాయి. పల్చటిదాన్ని బల్లమీద నిలబెడుతూ ఫణిశంకర్ దాని వెనక భాగం చూసి ఆగాడు. గులాబీరంగు చుక్కలు రెండు, కింద గీత.

"తుడిచీమంటావేటి?" అన్నాడు బైరాగి.

"ఉండనివ్వండి. రేపు మళ్ళీ అడిగితే చూపించడానికి."

డబ్బా తెర ఆటోలో కాశీబుగ్గ చేరింది. ఫణిశంకరే వెంట వచ్చి బిగించాడు. యువరాజుని గౌరి పిలుచుకొచ్చింది. వాడు కూర్చుని మనిషిని తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, తరవాత ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. చీకటిపడేదాకా లేవలేదు. ఆ వారంలోనే స్టేషను ఎదురు సెంటర్ నుంచి ఇద్దరు వచ్చి వాడి వెనక నిలబడ్డారు. సంచీని గౌరి అటకమీదికి విసరలేదు. జీడిగింజలు పోసి మూతి కుట్టేసింది.

బైరాగి మాత్రం స్టూలుమీద కూర్చుని, వీధివైపు మొహం పెట్టి, ఆ తెరని ఓరగా చూస్తూనే ఉన్నాడు. అది కదల్లేదు.

"గౌరీ" అన్నాడు చివరికి. "ఇంత మంచిదాన్ని ఆ బేంకోళ్ళు ఎందుకొదిలీసినారంటావు?"

"టెక్కలెల్లి అడుగు" అంది గౌరి.

బైరాగి ఆ మాట గురించి ఆలోచిస్తున్నట్టే కనిపించాడు.